బండి అద్దముపై పురుగుల మరకలు

నెల్లూరు నుండి తూర్పుగా సముద్రమువైపు పోవు దారులు చాలవరకు వరిపొలముల మధ్యనే సాగును. తోటపల్లి గూడూరు పరిసరములలో పెన్న కాలువల క్రింది మాగాణి, దాని ప్రక్కనే రొయ్యల చెరువులు, వాటికి ఆవల బకింగ్‌హాం కాలువ, కోడూరు ఇసుకతీరము కలవు. నీరు, పచ్చదనము, వెచ్చని గాలి ఈ మూడును ఒకచోట కలిసిన ప్రదేశము కీటకములకు పుట్టినిల్లు. ప్రొద్దుగ్రుంకిన తరువాత ఇట్టి దారిలో పది కిలోమీటర్లు ప్రయాణము చేసివచ్చిన కారు ముందుటద్దమును పరిశీలించినచో చిన్నవియు పెద్దవియునగు మరకలెన్నియో కనబడును. మోటారు సైకిలుపై వచ్చినవాని ముఖమునకును, కంటికిని ఈ అనుభవము బాగుగా తెలిసియుండును.

పగటివేళ ఈ మరకలు అంతగా బాధింపవు. రాత్రివేళ సంగతి వేరు. ఎదురుగా వచ్చు లారీ దీపపు వెలుతురు శుభ్రమైన అద్దముగుండా తిన్నగా లోనికి వచ్చును. మరకలున్న అద్దముపై అదే వెలుతురు నలుదిక్కులకు చెదరిపోవును. అట్లు చెదరిన వెలుతురు నడుపువాని కన్నుల యెదుట తెల్లని తెరవలె ఏర్పడును. ఆ తెర వెనుక దీపము లేని సైకిలో, దారి దాటు గేదెయో ఉన్నచో కనబడదు. కావున ఇది బండి అందమునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు; ప్రాణములకు సంబంధించినది.

మరక కనబడిన వెంటనే పొడిగుడ్డతో గట్టిగా రుద్దుట, లేదా పొడి అద్దముపైననే వైపరును నడుపుట చాలమందికి అలవాటు. దీనివలన చుక్కగా ఉన్న మరక పలుచని పూతయై అద్దమంతయు ప్రాకును. పురుగు మరక ఏ పదార్థములతో ఏర్పడినదో తెలిసికొన్నచో, దానిని తొలగించుటకు బలము కంటె నీరును ఓపికయు ఎక్కువ పనిచేయునని తేటపడును.

ఏ పురుగులు తగులును?

వరిపైరును ఆశ్రయించు సుడిదోమ, పచ్చదీపపు పురుగు, కాండము తొలుచు పురుగుయొక్క రెక్కల తల్లి, ఈ మూడును రాత్రి దీపమునకు వచ్చు స్వభావము కలవి. పొలములలో దీపపు ఎరలు పెట్టి వీటి రాకను కనిపెట్టుట ఈ స్వభావము ఆధారముగనే జరుగుచున్నది. సుడిదోమలో పొట్టి రెక్కలవి, పొడవు రెక్కలవి అని రెండు రూపములున్నవి. దుబ్బులో పురుగుల సంఖ్య పెరిగి, పైరు ముదిరి రసము తగ్గినప్పుడు పొడవు రెక్కలవి ఎక్కువగా పుట్టి, క్రొత్త పైరును వెదకుకొనుచు గాలిలోనికి లేచును. ముఖ్యముగా సందెవేళను, వేకువజామునను ఇవి ఎగురును. సాయంకాలపు ప్రయాణములలో మరకలు ఎక్కువగుటకు ఇది ఒక కారణము.

చెరువుల, కాలువల ప్రక్కన మరియొక జాతి గుంపులు గుంపులుగా ఎగురుచుండును. చూచుటకు దోమలవలెనే ఉండును గాని ఇవి కుట్టవు. వీటి పిల్లపురుగులు నీటి అడుగున బురదలో ఎర్రని దారపుముక్కలవలె పెరుగును. ఇవి గాక తొలకరి వానలు పడిన సాయంకాలములందు పుట్టలనుండి ఉసిళ్ళు లేచును. అవి దీపముల చుట్టు మూగి, రెక్కలు రాల్చి, ఒక్క రాత్రిలోనే మాయమగును.

మరకల రంగును గూర్చి ఒక మాట. కీటకముల రక్తము చాలవరకు పసుపుపచ్చగానో, ఆకుపచ్చగానో, రంగులేకుండనో ఉండును. మన రక్తమునకు ఎరుపు నిచ్చు హీమోగ్లోబిన్ ఎదిగిన కీటకములలో సాధారణముగా ఉండదు. కావున అద్దముపై ఎర్రని మరక కనబడినచో, అది తాజాగా ఎవరినో కుట్టివచ్చిన దోమది కావచ్చును. లేదా ఈగ కన్నులలోని ఎర్రని రంగుపదార్థము కావచ్చును.

గాలిలో జరుగు లెక్క

కారు ముందుటద్దము ఎదురుగాలికి ఒక చదరపు మీటరు అడ్డు నిలుచుననుకొందము. ఆ కారు ఒక కిలోమీటరు పోయినచో 1,000 ఘనపు మీటర్ల గాలిని ఊడ్చుకొని పోవును. 20 కిలోమీటర్లకు ఇది 20,000 ఘనపు మీటర్లగును. ప్రతి వేయి ఘనపు మీటర్ల గాలిలో ఒక్క పురుగున్నను, ఆ ప్రయాణములో 20 పురుగులు దారికి అడ్డము వచ్చును. ఈ లెక్కలో వేగము ప్రసక్తి లేదని విద్యార్థులు గమనింపవలెను. నిదానముగా పోయినను, త్వరగా పోయినను ఊడ్చిన గాలి ఒకటే. బస్సులకు, లారీలకు ముందుభాగము విశాలమైనందున వాటికి తగులు పురుగులు ఎక్కువ.

అట్లయినచో వేగము తగ్గించుటవలన లాభమే లేదా? కలదు. కదలు బండి ముందు గాలి రెండుగా చీలి, పైకిని ప్రక్కలకును ఒంగి ప్రవహించును. తేలికయైన చిన్న పురుగు ఆ గాలితోపాటు ఒంగి తప్పించుకొనును. బరువైన పురుగు తన జడత్వమువలన అంత త్వరగా దారి మార్చుకొనలేక అద్దమునకు తగులును. వేగము హెచ్చినకొలది మలుపు తిరుగుటకు లభించు వ్యవధి తగ్గును. అందుచే చిన్న పురుగులు కూడ తప్పించుకొనలేవు.

తగిలిన తరువాత జరుగు పని కూడ వేగముపైననే ఆధారపడును. 0.1 గ్రాము బరువు, ఒక సెంటీమీటరు పొడవు గల పురుగును తీసికొందము. కారు వేగము గంటకు 72 కిలోమీటర్లు, అనగా సెకనుకు 20 మీటర్లు. కారు దృష్టిలో ఆ పురుగు గతిశక్తి 0.02 జౌలు. ఈ శక్తియంతయు ఒక సెంటీమీటరు దూరములో ఖర్చు కావలెను. కావున దానిపై పడు సగటు బలము 2 న్యూటనులు. పురుగు బరువు సుమారు 0.001 న్యూటను మాత్రమే. అనగా తన బరువునకు రెండువేల రెట్ల బలము దానిపై పడినది! శరీరపు పెంకు పగిలి లోపలి రసము చిందుటలో ఆశ్చర్యము లేదు. వేగమును గంటకు 36 కిలోమీటర్లకు తగ్గించినచో గతిశక్తి నాల్గవవంతునకు దిగును. బలము 500 రెట్లు మాత్రమగును. వేగము సగమైన దెబ్బ నాల్గవవంతగునని ఈ లెక్క చెప్పుచున్నది.

దీపము, మెరుపు

పురుగులు దీపమునకు ఎందుకు వచ్చునను ప్రశ్న చాల పాతది. అవి దీపమును చంద్రుడని భ్రమించునని కొందరును, వేడికి ఆశపడునని కొందరును చెప్పుచుండిరి. 2024లో ప్రచురింపబడిన ఒక పరిశోధన దీనిపై క్రొత్త వెలుగు ప్రసరించినది. మిక్కిలి వేగముగా చిత్రములు తీయు కెమెరాలతో శాస్త్రజ్ఞులు దీపముచుట్టు తిరుగు పురుగులను చిత్రించి చూచిరి. అవి దీపమువైపు తిన్నగా పోవుటలేదు; తమ వీపును దీపమువైపు త్రిప్పుచున్నవి. ప్రకృతిలో రాత్రివేళ కూడ ఆకాశము నేలకంటె కొంత వెలుతురుగా ఉండును. వీపును వెలుతురువైపు ఉంచిన పురుగు సరిగా నిలిచి ఎగురగలదు. దీపము ప్రక్కనున్నప్పుడు ఇదే అలవాటు దానిని దీపముచుట్టు బంధించివేయును.

దీనినిబట్టి ఒక ఉపయోగకరమైన సంగతి తెలియుచున్నది. పరుగెత్తు బండి దీపమునకు దూరపు పురుగు వచ్చి చేరునంత వ్యవధి ఉండదు. దారిలో అప్పటికే ఎగురుచున్నవే ఎక్కువగా తగులును. కాని టీ దుకాణమువద్దనో, పొలము ప్రక్కనున్న వీధిదీపము క్రిందనో బండిని నిలిపి, దీపములు వెలుగుచుండగా విడిచినచో కొద్ది నిమిషములలోనే పురుగులు మూగును. నిలిపినప్పుడు దీపములార్పి, వెలుతురునకు దూరముగా నిలుపుట మంచిది. తెల్లని, నీలపు దీపములకంటె పసుపు దీపములు సాధారణముగా తక్కువ పురుగులను ఆకర్షించును.

బండి రంగు కూడ కొన్ని కీటకములను మోసపుచ్చును. నిశ్చలమైన నీటిపై పడి ప్రతిఫలించు కాంతి ఒక తలములో ధ్రువీకృతమగును. నీటిలో గ్రుడ్లు పెట్టు కీటకములు ఈ గుర్తును బట్టియే నీటిని కనుగొనును. మెరుగుపెట్టిన నల్లని, ఎర్రని కారు పైరేకు కూడ ఇట్టి కాంతినే ప్రతిఫలించి వాటికి నీటిమడుగువలె తోచునని హంగరీ శాస్త్రజ్ఞులు 2006లో వెల్లడించిరి. చెరువుగట్టున నిలిపిన నల్లకారుపై నీటిపురుగులు వాలుటకు ఇది కారణము.

మరకలో ఏమున్నది?

పురుగు మరకలో ముఖ్యముగా మూడు పదార్థములున్నవి. మొదటిది మాంసకృత్తులు, అనగా ప్రోటీనులు. రెండవది క్రొవ్వు, గ్రుడ్లు నిండిన ఆడపురుగులలో ఇది ఎక్కువ. మూడవది కైటిన్ అను గట్టి పదార్థము. పురుగు పెంకు, కాళ్ళు, రెక్కలు దీనితో నిర్మింపబడినవి. రొయ్య పెంకులో ఉన్నదియు ఈ కైటినే.

కైటిన్ నీటిలో కరగదు. కాని అద్దమునకు తనంతట తాను అంటుకొనదు కూడ. పెంకుముక్కలను అద్దమునకు అతికించు జిగురు మాంసకృత్తులు. కోడిగ్రుడ్డులోని తెల్లసొన ఇట్టి పదార్థమే. పచ్చిసొన పళ్ళెముపై పడినప్పుడు వెంటనే కడిగినచో సులభముగా పోవును. ఆరనిచ్చినచో జిగురువలె అంటుకొనును. పెనముమీద పడినచో గడ్డకట్టి, నీటికి లొంగదు. తెల్లసొన 60 డిగ్రీల సెంటీగ్రేడు దాటగనే గడ్డకట్ట నారంభించును. వేసవి ఎండలో నిలిపిన కారు రేకు చేయి పెట్టలేనంతగా కాలుననుట అందరు ఎరిగినదే. కావున రాత్రి పడిన మరకను మరునాటి మధ్యాహ్నమువరకు విడిచినచో, ఆ జిగురును మనమే పొయ్యిపై పెట్టి ఉడికించినట్లగును.

ఆలస్యమువలన మరియొక నష్టమున్నది. అమెరికాలోని ఫ్లారిడా ప్రాంతమున ప్రేమపురుగులని పిలువబడు చిన్న నల్లని ఈగలు ఏటా రెండుమారులు గుంపులుగా లేచి రహదారులపై కమ్మును. అప్పుడే చితికిన ఆ పురుగుయొక్క పి.హెచ్. విలువ సుమారు 6.5, అనగా దాదాపు తటస్థము. ఒక దినము ఎండలో విడిచినచో అది సుమారు 4.25కు దిగును. పి.హెచ్. ఒక అంకె తగ్గిన ఆమ్లత్వము పదిరెట్లు పెరుగునని విద్యార్థులకు తెలియును. ఈ ఆమ్లము, ఎండవేడి కలిసి రంగుపూతపై మచ్చ నేర్పరచును. ఇప్పటి పూతలు పూర్వపు వాటికంటె గట్టివైనను, దినముల తరబడి ఉపేక్షించుట తగదు.

కడుగు విధము

మరక తత్త్వము తెలిసినది గనుక కడుగు విధమును సులభముగా నిర్ణయింపవచ్చును.

మొదట బండిని నీడలో నిలిపి చల్లారనీయవలెను. కాలుచున్న అద్దముపై చన్నీరు పోసినచో, అంతకు ముందే చిన్న బీటయున్న అద్దము పగులవచ్చును. తరువాత మరకలపై నీరు చల్లి, తడిపిన మెత్తని నూలుగుడ్డను పరచి, పది పదునైదు నిమిషములు కదల్పక ఉంచవలెను. ఈ వ్యవధిలో ఎండిన మాంసకృత్తులు నీరు పీల్చి ఉబ్బును. వాటి పట్టు సడలును. ఈ పనిలో అన్నిటికంటె ముఖ్యమైన మెట్టు ఇదే. చాలమంది విడిచిపెట్టునదియు ఇదే.

పిదప బకెట్టు నీటిలో కొంచెము మెత్తని సబ్బు కలిపి తుడువవలెను. సబ్బు నీటి తలతన్యతను తగ్గించి, నీటిని మరక సందులలోనికి దిగనిచ్చును. క్రొవ్వును చిన్న బిందువులుగా విడదీసి నీటితో కలుపును. మన ఇండ్లలోని కుంకుడురసము కూడ ఇట్లే పనిచేయును. దానిలోని సపోనిన్ అను పదార్థమువలననే నురుగు వచ్చును. రసమును వడగట్టి వాడవలెను. పిప్పి అద్దమును గీయవచ్చును. తుడుచునప్పుడు నొక్కక, గుడ్డను మాటిమాటికి జాడించుచు తుడువవలెను.

ఇంకను మిగిలిన మొండి మరకలకు ఒక గ్లాసు నీటిలో చెంచాడు వంటసోడా వేసి, పలుకులేకుండ కరగించి, ఆ నీటితో తడిపిన గుడ్డను మరల కొంతసేపు పరచవచ్చును. ఇది స్వల్పమైన క్షారము గనుక మరకలోని ఆమ్లమును తటస్థపరచును. ఒకమారునకు పోనిచో మరల తడుపవలెను గాని రుద్దరాదు. చివరకు మంచినీటితో కడిగి ఆరుగుడ్డతో ఒత్తవలెను. సముద్రతీర గ్రామములలో కొన్ని బోర్ల నీరు ఉప్పగా ఉండును. ఆ నీటిని అట్లే ఆరనిచ్చినచో తెల్లని చుక్కలు నిలుచును.

మాంసము త్వరగా ఉడుకుటకు పచ్చి బొప్పాయి ముక్క వేయుట మన వంటయిండ్లలో కలదు. బొప్పాయిలోని పపెయిన్ అను ఎంజైము మాంసకృత్తులను ముక్కలు చేయును. బట్టల సబ్బుపొడులు కొన్నిటిలో కలుపు ఎంజైములును ఇదే జాతివి. ఈ ఎంజైములు తమ పని చేయుటకు కూడ తడియు, వ్యవధియు కావలెను. అంతమాత్రమున బొప్పాయి పాలు తెచ్చి కారు రంగుపై పూయవలదు. నీరు, సబ్బు చాలును.

చేయరాని పనులు కొన్ని కలవు. బూడిద, ఇసుక, కొబ్బరిపీచు, ఇనుపపీచు వాడరాదు. కోడూరు తీరపు ఇసుకలో ఉండు స్ఫటికము అద్దముకంటె గట్టిది; పొడిగుడ్డతో తుడుచునప్పుడు గాలికి వచ్చి చేరిన ఇసుకరేణువులే అద్దమును గీయును. కిరోసిను, పెట్రోలు రంగుపై మెరుగును తీసివేయుటే గాక వైపరు రబ్బరును చెరచును. నిప్పుకు భయము సరేసరి. మరుగుచున్న నీరు పోసినచో మాంసకృత్తులు మరింత గడ్డకట్టును. వైపరును అద్దము తడిసిన తరువాతనే నడుపవలెను.

రాకుండ చేయుట

మరకలను పూర్తిగా నివారించుట సాధ్యము కాదు, తగ్గించుట సాధ్యమే. మెరుగు మైనము పట్టించిన నున్నని రేకుపై మరక పట్టు తక్కువ. ఈ విషయము విమానముల నిర్మాతలకు కూడ ముఖ్యమైనది. విమానపు రెక్కపై అంటిన చిన్న పురుగు సైతము నున్నగా పోవు గాలిని కలచి, ఇంధనపు ఖర్చును పెంచును. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 2015లో లూసియానా రాష్ట్రములోని ష్రీవ్‌పోర్ట్ వద్ద బోయింగ్ 757 విమానపు రెక్కపై పురుగులంటని పూతలను పరీక్షించినది. వాటిలో మేలైన పూతపై మరకలు, పూతలేని భాగముతో పోల్చినప్పుడు సుమారు 40 శాతము తగ్గినవి. ఇంత కృషితో కూడ మరకలు మొత్తము పోలేదని గ్రహింపవలెను.

సందెవేళ పొలముల, చెరువుల నడుమ వేగము తగ్గించుట, వైపరు తొట్టిలో నీరు నింపియుంచుట, రబ్బరు అరిగినచో మార్చుట, ముందుటద్దపు లోపలివైపు కూడ తుడిచియుంచుట ఇవి చౌకయైన ఉపాయములు. పురుగులు దట్టముగా తగిలి చూపు ఆనకున్నచో దారి ప్రక్కన సురక్షితమైన చోట ఆగి కడుగుటయే క్షేమము. దూరప్రయాణము చేయు బండ్లలో రేడియేటరు రేకుల సందులలో పురుగులు చిక్కుకొని గాలిని అడ్డగించును, ఇంజను వేడెక్కును. ముందు వల కట్టుట మంచిదే గాని, మరీ సన్నని కన్నుల వల గాలినే ఆపివేయును. ఇంజను చల్లారిన తరువాత లోపలివైపునుండి బయటికి మెల్లగా నీరు పట్టి శుభ్రము చేయవలెను.

మోటారు సైకిలు నడుపువారికి

కారులోనివానికి అద్దము అడ్డున్నది. మోటారు సైకిలుపై పోవువానికి తన హెల్మెట్ ముసుగే అద్దము. దానిని పైకెత్తుకొని పోవుట చాలమంది చేయు పొరపాటు. సెకనుకు 15 మీటర్ల వేగముతో పోవుచుండగా కంటిలో పురుగు పడి రెండు సెకనులు కన్నులు మూసికొన్నచో, 30 మీటర్ల దారి చూడకయే నడచినట్లగును. ముసుగు అద్దము సాధారణముగా పాలికార్బొనేటు అను ప్లాస్టిక్, గాజుకంటె మెత్తనిది. పొడిగా తుడిచినచో గీతలు పడును; పెట్రోలు తగిలినచో బీటలు వారును. తడిగుడ్డ పరచుటయు, సబ్బునీరును మాత్రమే దానికి తగినవి.

కంటిలో పురుగు పడినచో నలుపరాదు. నలిపినచో దాని గరుకు కాళ్ళు, పెంకు కంటి నల్లగ్రుడ్డుపై పొరను గీయును. బండి నాపి, రెప్పలార్చి, శుభ్రమైన నీటితో కడుగవలెను. మంట, ఎరుపు తగ్గనిచో వైద్యునికి చూపింపవలెను.

వరిపొలములలో తిరుగు పీడెరస్ అను సన్నని చిన్న పురుగును గూర్చి ప్రత్యేకముగా తెలిసికొనవలెను. దాని శరీరము నారింజ, నలుపు రంగుల పట్టెలతో ఉండును. అది కుట్టదు, కరువదు. కాని చర్మముపై చితికినచో దాని రక్తములోని పెడెరిన్ అను విషపదార్థమువలన ఒకటి రెండు దినములలో మంటయు, బొబ్బలును లేచును. ఆ చేతితో కన్ను నలిపినచో కన్ను వాచును. ఈ విషమును పురుగు తానుగా చేయక, దానిలో నివసించు సూక్ష్మజీవులు చేయుట వింత. ఇట్టి పురుగు మెడపై వాలినచో కొట్టక, మెల్లగా ఊది తొలగించి, ఆ చోటును సబ్బుతో కడుగుకొనవలెను. ఇది సుడిదోమలను తినును గనుక రైతునకు మిత్రమే.

పాఠశాలలో చేయదగిన ప్రయోగము

మాంసకృత్తుల స్వభావమును తరగతిలో చూపుటకు ఒక కోడిగ్రుడ్డు చాలును. ఆరు గాజుపలకలపై ఒక్కొక్క చుక్క తెల్లసొన వేసి సమానముగా పరువవలెను. రెంటిని నీడలో ఆరనీయవలెను. రెంటిని నీడలో ఆరనిచ్చిన తరువాత ఒక గంట ఎండలో ఉంచవలెను. రెంటిని వేడినీటి గిన్నెపై ఆవిరి తగులునట్లు, సొన తెల్లబడువరకు ఉంచవలెను. ప్రతి జతలో ఒక పలకను వెంటనే పొడిగుడ్డతో తుడిచి చూడవలెను. రెండవదానిని పది నిమిషములు చన్నీటిలో ఉంచి, తరువాత తడిగుడ్డతో తుడువవలెను. ఎన్నిమారులు తుడిచిన పలక తేటపడినదో లెక్కించి పట్టికలో వ్రాయవలెను. పిదప పలకలను దీపమునకు ఎదురుగా పట్టి చూచినచో, పొడిగా తుడిచిన పలకపై వెలుతురు ఎట్లు చెదరునో కన్నులార చూడవచ్చును. పచ్చిసొన తాకిన చేతులను సబ్బుతో కడుగుకొనుట మరువరాదు.

మరకలు చెప్పు వార్త

తుడిచివేయుటకు ముందు ఈ మరకలను లెక్కించినవారు కూడ ఉన్నారు. ఫ్లారిడా విశ్వవిద్యాలయమునకు చెందిన మార్క్ హాస్టెట్లర్ మరకనుబట్టి పురుగును గుర్తించుటకు ఒక పుస్తకమునే వ్రాసి, 1997లో నవ్వించి ఆలోచింపజేయు పరిశోధనలకిచ్చు ఇగ్ నోబెల్ బహుమానము పొందెను. బ్రిటనులో 2004లో దాదాపు 40,000 మంది కారు యజమానులు తమ బండి నంబరు పలకలపై పడిన మరకలను లెక్కించి పంపిరి. సగటున ఐదు మైళ్ళకు ఒక మరక కనబడినది. 2021లో అదే రీతిగా లెక్కించినప్పుడు మరకలు సుమారు 59 శాతము తగ్గియుండెను. డెన్మార్కులో ఒక శాస్త్రజ్ఞుడు 1997 నుండి 2017 వరకు ఏటా అవే దారులలో కారు నడిపి అద్దముపై పురుగులను లెక్కించెను; రెండు దారులలోను తగ్గుదల 80 శాతము, 97 శాతముగా తేలినది.

అద్దము శుభ్రముగా ఉండుట ప్రయాణికునికి సంతోషమే. కాని పూలకు పుప్పొడి మోయునవియు, పిట్టలకును చేపలకును ఆహారమగునవియు, తెగుళ్ళ పురుగులను తినునవియు ఈ కీటకములలోనే ఉన్నవి. అవి తగ్గుట పొలమునకు శుభవార్త కాదు.

ఈ లెక్కను మన విద్యార్థులు కూడ చేయవచ్చును. కారు ముందు నంబరు పలక పొడవు 500 మిల్లీమీటర్లు, వెడల్పు 120 మిల్లీమీటర్లు; అనగా 0.06 చదరపు మీటరు. పది కిలోమీటర్లు పోయినచో అది 600 ఘనపు మీటర్ల గాలిని ఊడ్చును. బయలుదేరుటకు ముందు పలకను శుభ్రముగా తుడిచి, చేరిన తరువాత బండి ఆపి, మరకలు లెక్కింపవలెను. తేది, వేళ, దూరము, వాన, గాలి, దారి ప్రక్కనున్న పైరు నాటినదో, ఈనినదో, కోసినదో వ్రాసియుంచవలెను. వేర్వేరు దూరములను పోల్చుటకు పది కిలోమీటర్లకు ఎన్ని మరకలో లెక్కగట్టవలెను. ఒకే బండి, ఒకే దారి, ఒకే వేళ అయినచో పోలిక సరిగా ఉండును. నాట్లనుండి కోతలవరకు వారమునకొకమారు ఇట్లు లెక్కించిన తరగతికి, తమ ఊరి గాలిలోని జీవరాశియొక్క ఒక పట్టిక సిద్ధమగును. లెక్క వ్రాసికొన్న పిదప పలకపై తడిగుడ్డ పరచి, పది నిమిషములు ఆగి తుడిచినచో పని పూర్తియగును.